టీసీకి గొడుగు

గార్డు నోట్లో ఈకలు చూసేసరికి ఈశ్వర్ చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

గార్డు అంటే రైలు చివరి పెట్టెలో పచ్చజెండా ఊపే మనిషి కాదు, ఈశ్వర్ కుక్క. వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఈశ్వర్‌కి ఉద్యోగం. అక్కడి సైడింగు పట్టాల పక్కన చలికి వణుకుతూ దొరికిన పిల్లను ఇంటికి తెచ్చుకుని, రైల్వేవాడి ఇంట్లో పెరిగే ప్రాణికి రైల్వే పేరే ఉండాలని ఆ పేరు పెట్టాడు. పేరులో ఉన్న బాధ్యత ఒంట్లో లేదు. పాలవాడొచ్చినా తోక ఊపుతుంది, దొంగ వచ్చినా ఊపుతుంది. అలాంటిది ఇవాళ పొద్దున్నే వరండాలో కూర్చుని, నిగనిగలాడే కోడిపుంజు ఈకలు ముందు పెట్టుకుని, మూతికి అతుక్కున్న పసుపుతాడు ఊడక తల విదిలించుకుంటోంది.

ఆ పసుపుతాడు ఎవరిదో రాయపూర్ రైల్వే కాలనీలోని తెలుగువాళ్ళందరికీ తెలుసు. పక్క క్వార్టరు దాలమ్మ మామ్మ తన మొక్కు కోడి కాలికి కట్టిన తాడు. ఆ కోడి పేరు టీసీ. పొద్దున్నే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, మెడ సాచి లోపలికి తొంగిచూసి, టిక్కెట్టేదని అడిగినట్టు ఓ కూత కూసి పోతుంది కనక ఆ పేరు. పెట్టింది దాలమ్మ మనవరాలు చాందిని.

అదీ అసలు చిక్కు. చాందినికి ఓ మాట చెప్పాలని ఈశ్వర్ ఎండాకాలం నుంచీ చూస్తున్నాడు. కుళాయి దగ్గర ఆమె బిందె నిండేలోపు చెప్పేద్దామనుకునేవాడు. బిందెలు నిండేవి, మాట మాత్రం గొంతు దాటేది కాదు. ఎండలు పోయి ఆషాఢం వానలొచ్చాయి. చివరికి ఆమెతో మాట్లాడక తప్పని రోజూ వచ్చింది. 'మా కుక్క మీ కోడిని చంపేసినట్టుంది' అని చెప్పాలి!

ఈకలు కాలవలో పారేస్తే అడిగే నాథుడు లేడు. ఈశ్వర్ ఆ ఆలోచన చేయకపోలేదు. మొహం కడుక్కున్నంతసేపూ చేశాడు. ఆ తర్వాత ఈకలు కాగితంలో పొట్లం కట్టుకుని పక్కింటి గేటు తీశాడు.

చాందిని వరండాలో చున్నీ ఆరేస్తోంది.

"చాందిని గారూ... ఒక బ్యాడ్ న్యూస్."

"అరే, మీకు మాటలొచ్చా?" అంది ఆమె. "కుళాయి కాడ చూసి మూగోరేమో పాపం అనుకున్నాను."

ఇంకోరోజైతే ఆ ఒక్క మాట తలుచుకుని వారం బతికేవాడు. ఇవాళ పొట్లం విప్పాడు.

"మా గార్డు... మీ టీసీని... మత్లబ్, అంటే నేను కళ్ళారా చూళ్ళేదు. కానీ దాని నోట్లో ఇవి ఉన్నాయి. చంపేసిందేమో అని డౌటు."

చాందిని ఈకల్ని చూసింది. అతన్ని చూసింది. పిట్టగోడ మీద ముందుకాళ్ళు పెట్టి, ఏదో ఘనకార్యం చేసినట్టు తోక ఊపుతున్న గార్డును చూసింది. తర్వాత చున్నీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏడవకండి, ప్లీజ్. తప్పు నాదే. రాత్రి గొలుసు వెయ్యలేదు."

"బాడీ దొరికిందా?" అంది చెంగులోంచి.

"లేదు. అంతా వెతికాను."

"అయితే తినేసుంటుంది. పక్కా! ఎముకల్తో సహా." ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ మొహం మరీ అంత విచారంగా లేదు. "పోన్లెండి. కుక్క బుద్ధి కుక్కది, మీరేం చేస్తారు? జానే దో. మామ్మకి నేను నెమ్మదిగా చెప్తాను, మీరు వెళ్ళండి."

ఎంత మంచి మనసు అనుకున్నాడు ఈశ్వర్. ఆ ఈకల మొదళ్ళు కత్తెరతో కోసినట్టు సాఫీగా ఉన్నాయి. చూసుంటే తెలిసేది. అతను చూసింది ఈకల్ని కాదు.

"ఎవులే అది? ఏటి తినీసింది?" అంటూ దాలమ్మ బయటికొచ్చింది.

చాందిని కళ్ళతో వద్దంటోంది. నిజం చెప్పడం ఒకసారి మొదలెట్టాక ఈశ్వర్‌కి ఆపడం రాదు. మొత్తం చెప్పేశాడు.

దాలమ్మ మెట్టు మీద కూలబడింది.

"ఓలమ్మో! నా తల్లో! అమ్మోరి కోడిరా బావూ అది! మంగళారం పండగెట్టుకుని ఎంగిలి సేసీసిందా నీ కుక్క?"

కిందటి వానాకాలం చాందినికి డెంగీ వచ్చింది. తను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలోనే, తను రోజూ దుప్పటి మార్చే మంచం మీదే ప్రాణం మీదికి తెచ్చుకుని పడుకుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు కాలనీ చివర కట్టుకున్న పోలమ్మ గుడికి దాలమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. 'నా గుంటని ఇంటికి తెచ్చీ తల్లీ, పండక్కి పుంజునిస్తాను' అని మొక్కింది. మనవరాలు ఇంటికొచ్చింది. దాలమ్మ ఓ పిల్లపుంజును కొని కాలికి పసుపుతాడు కట్టింది.

"ఇంకో పుంజు తెస్తాను మామ్మా. ఎంతైనా సరే, మంచిది చూసి..."

"మొక్కిన కోడి మొక్కిందే! దానికి బదులుండదు." ఆవిడ చాందిని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మోరు మళ్ళీ నా గుంట మీద సూపెడితే ఏటి సెయ్యాల నాను? పండగనాటికి ఆ కుక్క ఈ కాలనీలో కనపడకూడదు. అంతే!"

ఈశ్వర్ చాందిని వైపు చూశాడు. జానే దో అన్న మనిషి ఒక్క మాటంటుందేమోనని. ఆమె తన కాలివేళ్ళు చూసుకుంటోంది.

సాయంత్రం గార్డును ఆటో ఎక్కించి, ఊరి చివర భన్‌పురిలో నాగబాబు మావయ్య లారీల యార్డులో కట్టేసి వచ్చాడు. షికారుకి తీసుకొచ్చాడనుకుని అది గొలుసును చూసి కూడా తోక ఊపింది. ఇంటికొచ్చి ఖాళీ గిన్నె చూడగానే ఈశ్వర్‌కి ఏడుపొచ్చింది. పెళ్ళీడుకొచ్చిన మగాడు కుక్క కోసం ఏడవడమేంటని వాళ్ళమ్మ మాలతి కసిరి, వంటింట్లోకెళ్ళి తనూ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు కుండపోత. అంత వానలో గొడుగేసుకుని, బిందె పట్టుకుని చాందిని కుళాయి దగ్గరికొచ్చింది. వానలో బిందె తెచ్చే మనిషికి నీళ్ళు కాక వేరే పనేదో ఉండాలి. రేకు కింద బైకు తుడుస్తున్న ఈశ్వర్‌కి అది తోచలేదు. అతను ఆమెను చూసి తల దించుకున్నాడు.

"గార్డు ఎలా ఉంది?"

"అన్నం ముట్టట్లేదంట. లారీ హారన్ వినపడ్డప్పుడల్లా నేనొచ్చాననుకుని లేచి నిలబడుతోందంట."

చాందిని బిందె కింద పెట్టింది.

"టీసీ బతికే ఉంది."

"ఎక్కడ? కల్లోకొచ్చిందా?"

"కల కాదండీ, కోడే. అభన్‌పూర్‌లో, నా ఫ్రెండ్ జెస్సీ వాళ్ళింట్లో ఉంది. నేనే పంపాను. ఎవరూ గుర్తుపట్టకూడదని తాడు కోసి, తోక కత్తిరించి, గోడవతల పారేశాను. అవి మీ గార్డుకి దొరికాయి."

ఈశ్వర్ చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఆస్పత్రి నుంచొచ్చి నేను మంచం మీదున్నప్పుడు రోజూ వచ్చి పక్కన కూర్చునేది. నా చేత్తో నూకలు తిని పెరిగింది. నా ప్రాణానికి బదులు దాని ప్రాణమంటే... నావల్ల కాలేదు."

"అందుకని నా కుక్కని బలిచ్చారా?" ఈశ్వర్ గొంతు పెరిగింది. "నేను నిజం చెప్పడానికొచ్చాను. మీరు ఏడుస్తున్నట్టు యాక్టింగ్ చేశారు!"

"యాక్టింగ్ కాదు, సచ్చీ! నవ్వాపుకోలేక అలా తిరిగాను. మీరేమో పొట్లం విప్పి అంత సీరియస్‌గా... మిమ్మల్ని దేవుడే పంపాడనుకున్నాను."

"ఏ దేవుడూ పంపలేదు! ఎండాకాలం నుంచీ మీతో మాట్లాడాలని చస్తున్నాను. ఇన్నాళ్ళకి ధైర్యం చేసి మొదటిసారి నోరు తెరిస్తే నా కుక్క పోయింది!"

మాట జారిపోయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. రేకు మీద వాన దడదడలాడుతోంది. చాందిని ఇంకాస్త దగ్గరికొచ్చి, రేకు అంచున తడుస్తున్న అతని భుజం మీదికి గొడుగు జరిపింది.

"ఏం మాట్లాడాలని?"

"ఇప్పుడు చెప్పను. ఇప్పుడు నాకు కోపంగా ఉంది."

"సరే. పోయాక చెప్పండి." ఖాళీ బిందె వైపు చూస్తూ అంది, "మామ్మ నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. గడియకోసారి నా నుదురు పట్టుకుని చూస్తోంది, జ్వరమొచ్చిందేమోనని. ఇంక దాచలేను. రేపు నన్ను అభన్‌పూర్ తీసుకెళ్తారా?"

"చెప్తే టీసీని కోసేస్తారు కదా."

"చెప్పకపోతే మామ్మ ఏమైపోతుందోనని భయంగా ఉంది." ఈసారి ఆమె నిజంగానే ఏడ్చింది. ఈశ్వర్‌కి ఉన్న కోపంలో సగం అక్కడే పోయింది. మిగతా సగం గార్డు కోసం దాచుకున్నాడు.

అభన్‌పూర్‌లో జెస్సీ కోడిని బుట్టలో పెట్టి ఇస్తూ, "తీసుకుపోండి తల్లీ! మాకు మొక్కులు లేవు గానీ మా డాడీ దీన్ని చూసినప్పుడల్లా క్రిస్మస్ ఎప్పుడని అడుగుతున్నాడు," అంది.

తిరుగు ప్రయాణంలో బైకు మీద ఇద్దరికీ మధ్య బుట్ట, బుట్టలో తోక లేని టీసీ. ఇంతకంటే కట్టుదిట్టమైన కాపలా ఏ ఆడపిల్ల తండ్రీ పెట్టలేడు.

"గుడి ముందు కోడి మీద నీళ్ళు పోస్తారు కదా," అంది చాందిని వెనకనుంచి. "అది ఒళ్ళు దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు."

"దులపకపోతే?"

"వద్దన్నట్టు. వదిలేసి గుమ్మడికాయ కొడతారు. కానీ నీళ్ళు పడితే ఏ కోడి దులపదు చెప్పండి? మన కాలనీలో ఒక్కటీ అలా బతికి బయటపడలేదు."

ఈశ్వర్ బైకు నెమ్మదిగా నడిపాడు. టీసీ మాత్రం దారిపొడుగునా లారీలకి టిక్కెట్టు అడుగుతూనే ఉంది.

ఇంటికెళ్ళగానే చాందిని బుట్ట దించి, దాచకుండా చెప్పేసింది. దాలమ్మ విన్నంతసేపూ విని, లేచి, మనవరాలి వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చేత్తోనే నుదురు పట్టుకు చూసింది. చల్లగానే ఉంది.

"రేపు గుడికి తే," అని మాత్రం అంది. అని ఈశ్వర్ వైపు తిరిగింది. "నీ కుక్కని తెచ్చుకో బావూ. నోరు లేని దాని మీద నింద ఏసీసినాను. పాపం నాదే."

ఆ రాత్రి పక్క క్వార్టర్లో చాందిని టీసీ ముందు నూకలు పోసి కూర్చుంది. దాలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

మంగళవారం గుడి దగ్గర డప్పులు మోగుతున్నాయి. సన్నగా తుంపర. కాలనీ ఆడవాళ్ళంతా ఘటాలతో వచ్చారు. మొక్కు కోళ్ళు కోసే జోగయ్య కత్తి పట్టుకుని నిలబడ్డాడు. చాందిని టీసీని కింద దింపి, చూడలేక గుళ్ళోకెళ్ళి కళ్ళు మూసుకుంది. గార్డు ఈశ్వర్ కాళ్ళ దగ్గర కూర్చుని, జోగయ్య కత్తిని చూసి కూడా తోక ఊపింది.

"బావూ," అని పిలిచింది దాలమ్మ. "ఇలా వొచ్చి కోడికి గొడుగు పట్టు. తడిసిపోతంది."

ఈశ్వర్ గొడుగు పట్టాడు. పట్టాక అనుమానమొచ్చింది. నీళ్ళు పొయ్యబోయే కోడికి గొడుగెందుకు?

దాలమ్మ వంగి, చెంబులో పసుపునీళ్ళు దోసిట్లోకి తీసుకుంది. అమ్మా అంటూ టీసీ మీద పోసింది. వెనకనున్నవాళ్ళకి ఆవిడ వీపే కనపడుతుంది. గొడుగు పట్టుకున్నవాడికి చేతులు కనపడతాయి. దోసిట్లో నీళ్ళన్నీ ఆవిడ కుచ్చిళ్ళలోకి జారిపోయాయి. ఒక్క చుక్కైనా కోడి మీద పడలేదు. టీసీ మెడ సాచి దర్జాగా అందరినీ చూసింది. దాలమ్మ మళ్ళీ పోసింది. మళ్ళీ కుచ్చిళ్ళే తడిశాయి.

"సూడండర్రా! దులపట్లేదు!" దాలమ్మ గొంతు డప్పుల్ని మించిపోయింది. "అమ్మోరికి ఒద్దట! నా తల్లి ఒద్దంటంది!"

కాలనీలో ఎన్నడూ జరగని వింత. జోగయ్య కత్తి దించి, కోడికి దణ్ణం పెట్టి, గుమ్మడికాయ కోసం వెళ్ళాడు.

దాలమ్మ కుచ్చిళ్ళు పిండుకుంటూ ఈశ్వర్ వంక చూసింది.

"ఏది సూసినా పొట్లం కట్టుకొచ్చి సెప్పీసే రకానివి కదా నువ్వు," అంది, వాళ్ళిద్దరికే వినపడేటట్టు. "ఇదీ సెప్తావేటి?"

"చెప్పను మామ్మా."

"అమ్మోరితో నాను సూసుకుంటాను. నా మొక్కు, నా తల్లి. తిడితే నన్నే తిడతాది." చెంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు సెప్పాల్సింది ఇంకోటుందంట కదా, గుంట సెప్పింది. అది సెప్పు. గుంట అయ్య ప్రేమ్‌చంద్ రేపు రైలు డూటీ దిగి ఇంటికొస్తాడు, ఆడితో నాను మాటాడతాను."

ఈశ్వర్ నోరు తెరిచేలోపు చాందిని గుళ్ళోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళూ నవ్వూ రెండూ తడిగా ఉన్నాయి.

"చూశావా ఈశ్వర్? అమ్మవారు నిజంగా వద్దంది! నువ్వు పక్కనే ఉన్నావు కదా, చూశావా?"

మీరు కాస్తా నువ్వయిపోయింది. ఈశ్వర్ దాలమ్మను చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది.

"చూశాను," అన్నాడు. "అమ్మ వద్దంది." అందులో అబద్ధం ఎంతో అతనికే తెలీలేదు.

"కోపం పోయిందా మరి?"

"పోయింది."

"అయితే చెప్పు."

"నువ్వంటే నాకిష్టం. ఎండాకాలం నుంచీ. పెళ్ళి చేసుకుందామా?"

"ఇంత చిన్న మాటకి అన్ని బిందెలు నింపించావా నాచేత!" అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకుంది గొడుగున్న చెయ్యి. గొడుగు పక్కకి ఒరిగింది, దాని మీద నిలిచిన నీళ్ళన్నీ టీసీ నెత్తిన పడ్డాయి. టీసీ ఒళ్ళంతా బుస్సున ఉబ్బించి, లేని తోకతో సహా టపటపా దులిపేసింది.

దాలమ్మ చప్పున వంగి కోడిని కొంగు కిందికి లాక్కుంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడలేదు.

"గొడుగు సరిగ్గా పట్టు బావూ," అంది.