అమ్మకు చదవని ఉత్తరం

వాన పడుతుంటే చేతికర్ర చప్పుడు వినబడదు. అందుకే బాలనర్సయ్య స్టేషన్ క్వార్టర్స్ మెట్లెక్కేదాకా స్టేషన్ మాస్టారి కూతురు రత్నమాల చూసుకోలేదు. ముందే చూసి ఉంటే కనీసం కొంగైనా సర్దుకునేది, పాపం!

"సారు లేరా?" అన్నాడతను, చొక్కాలోంచి తడిసిన కవరు తీస్తూ.

"నాన్నగారు డ్యూటీలో ఉన్నారు. నాతో చెప్పకూడదా?"

"ఇంగ్లీషుల ఉన్నది. మీకొస్తదా?"

"పి.యు.సి. పాసయ్యానండీ! మీ పటాలానికి ఆర్డర్లు రాసేంత రాదేమో గానీ, ఒక ఉత్తరం చదివేంత వచ్చు."

"గంత కోపమైతే ఎట్ల? ఊకెనే అడిగిన."

కోపం కాదది. పట్నానికి దూరంగా, రాళ్ళ మధ్య ఉన్న ఆ హఫీజ్‌పేట్‌లో ఏడాదిగా ఆ పిల్ల ఎదురుచూసింది ఈ మనిషి గుమ్మం తొక్కుతాడనే. డెబ్భై ఒకటి యుద్ధానికి వెళ్ళి, ఎడమ మోకాలు వంగకుండా తిరిగొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఎదురుపడితే తల దించుకుని పోతున్నాడు. ఇప్పుడొచ్చి ఇంగ్లీషొస్తదా అంటాడా!

కవరు విప్పి చదివింది. సగంలోనే ఆమె మొహం పాలిపోయింది.

"పింఛను ఇవ్వరట. గాయం సైన్యంలో తగిలినట్టు రుజువు లేదట. ఆస్పత్రి కాగితాలు దొరకలేదట. పైగా..."

"పైగా?"

"మీరు ఇంటికి రాకముందు విచారణకొచ్చినప్పుడు మీ అమ్మగారు చెప్పారట. మా కొడుక్కి దెబ్బేం తగల్లేదు, ఒట్టి జ్వరమే వచ్చింది అని. వేలిముద్ర కూడా వేశారు."

"మా అమ్మ గిట్లెందుకు చెప్పింది? నేను లంగ మాటలు చెప్పి పైసలడుగుతున్ననా? నాకేం సమజైతలేదు."

రత్నమాలకు మాత్రం బాగా అర్థమైంది. కానీ ఆ సంగతి చెప్పకుండా కాగితం మడిచి కవర్లో పెట్టేసింది.

"నెల గడువుంది. అప్పీలు పెడదాం. మీ దగ్గరున్న కాగితాలన్నీ తెండి," అంది.

అలా మొదలైంది వాళ్ళ కొలువు. రోజూ సాయంత్రం ప్యాసింజరు వెళ్ళిపోయాక వరండాలో చాప పరిచేవారు. అతను డిశ్చార్జి పుస్తకం తెచ్చాడు. ట్రంకు పెట్టె అడుగున నలిగిన, తనను సరిహద్దుకు పంపిన మూవ్‌మెంటు ఆర్డరు తెచ్చాడు. ఆస్పత్రిలో పక్క మంచంలో పడుకున్న సిపాయికి జాబు రాసి, సాక్ష్యం తెప్పించాడు. ఆమె అన్నీ తేదీల వరసలో పేర్చి, పంచ్ చేసి, ట్యాగు కట్టేది. ఒక్కో కాగితం అందుకునేటప్పుడు వేళ్ళు తగిలేవి. ఇద్దరూ తగల్లేదన్నట్టే ఉండేవారు. అబ్బ, ఎంత నటనండీ!

"డిసెంబరు పది నుంచి ముప్పై దాకా ఏమీ లేదు. దెబ్బ తగిలిన రోజులే ఖాళీ," అంది ఒకరోజు.

వాన వైపు చూస్తూ, "పోనీయుండ్రి. లేనిది యాడికెల్లి తెస్తం?" అన్నాడు.

ఉంది. అదెక్కడుందో అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరూ అడగరు, చెప్పరు.

సంగతేమిటంటే, అతని తల్లి నీలమ్మకు చదువు రాదు. కొడుకు ఉత్తరాలన్నీ రత్నమాల చదివిపెట్టేది, జవాబులూ తనే రాసేది. నీలమ్మ రెండు ముక్కలు చెబితే ఈమె రెండు పేజీలు నింపేది. "గింత పెద్దగేం రాస్తున్నవ్ బిడ్డా? నేను గిన్ని మాటలు చెప్పిన్నా?" అని ఆవిడ విస్తుపోయేది. ఆ రెండు పేజీల కోసమే సరిహద్దులో ఒకడు టపా బండికి ఎదురెళ్ళేవాడు. డిసెంబర్లో వచ్చిన ఒక్క ఉత్తరాన్ని మాత్రం రత్నమాల ఉన్నదున్నట్టు చదవలేదు. జ్వరమని చెప్పి, ఉత్తరం తన పుస్తకాల్లో దాచుకుంది. ఏడాదిన్నరగా దాన్ని చదవని రోజు లేదు.

గడువు ఇంక నాలుగు రోజులుందనగా ఆమె ఆ ఉత్తరం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. వరండాలో నర్సయ్యా ఉన్నాడు, నీలమ్మా ఉంది.

"తప్పు నాది నాన్నగారూ. ఒట్టి జ్వరమేనని నీలమ్మత్తకి చెప్పింది నేనే."

నీలమ్మ లేచి నిలబడింది. "ఏంది బిడ్డా! నా కొడుకు కాలు ఇరిగి పడుంటే, నన్ను నవ్వుకుంట పప్పు వండుకోనిచ్చినవా?"

"తట్టుకోలేవని..." రత్నమాల ఏడ్చేసింది.

"నేనే వద్దని రాసిన్నే అమ్మా," అన్నాడు నర్సయ్య.

నీలమ్మ కాసేపు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మళ్ళీ కూలబడి, రత్నమాల తల మీద చెయ్యి వేసింది. "తెలిస్తే నేను సచ్చేదాన్నే తియ్."

రత్నమాల తండ్రి భీమేశ్వరరావుగారు కాకినాడ మనిషి. ఆయన ఇంగ్లీషు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అక్కరకొచ్చేది. కళ్ళజోడు పెట్టుకుని, ఆ తెలుగు ఉత్తరాన్ని ఒక్కో వాక్యం పైకి చదువుతూ ఇంగ్లీషులోకి తర్జుమా రాయడం మొదలుపెట్టారు.

"సైన్యం వాళ్ళ ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, డిసెంబరు పద్దెనిమిదో తారీఖు. భేష్! 'మోకాట్లో షెల్లు ముక్క దిగింది. ఆపరేషన్ అయింది. రత్నమాలగారూ, ఇది అమ్మకు చదవకండి. ఇక్కణ్ణుంచి మీకే రాస్తున్నాను...'" ఆయన ఆగారు.

"మిగతాది వదిలేయుండ్రి సారూ," అన్నాడు నర్సయ్య, చెవులదాకా ఎర్రబడి.

"ఎలా వదిలేస్తానయ్యా? యథాతథంగా పూర్తిగా అనువదించానని కింద సంతకం పెట్టాలి. సగం పంపితే రెండో సగంలో ఏం దాచారంటారు." గొంతు సవరించుకుని చదివారు. "'మీ అక్షరాలు చూస్తే నొప్పి తెలియదు. నేను కుంటుకుంటూ వస్తే, నన్ను చూసి మీరు సంతోషపడతారా?'"

కలం తాపీగా కదిలింది. వరండాలో ఇంకెవరూ కదల్లేదు.

"దీనికి జవాబు రాశావా?" అన్నారాయన కూతురి వైపు చూడకుండానే.

"లేదు. అత్త పేరుతో పోయే ఉత్తరంలో నా మాట ఎలా రాస్తాను?"

నర్సయ్య తలెత్తాడు. "జవాబు రాలే. మీరు వద్దన్నట్టే అనుకున్న."

"వచ్చాక ఒక్కసారి అడగొచ్చుగా?"

"ఈ కాలేసుకొని ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

"బాగుంది వరస! నేను మీ మొహం కోసం వీధిలోకి చూసి చూసి చచ్చాను."

తండ్రి దగ్గారు. "అమ్మాయ్, అబద్ధం చదివినట్టు నీ వాంగ్మూలం కూడా కావాలి. రాయి."

అప్పీలు నాలుగు నెలలకు నెగ్గింది, పింఛనూ వచ్చింది. ఆ బెంగ మీకు వద్దని ఇప్పుడే చెప్పేస్తున్నాను. అసలు సంగతి ఆ సాయంత్రమే తేలింది.

రత్నమాల తలొంచుకుని తెలుగులో ఒక పేజీ రాసి ఇచ్చింది. ఆయన చదువుతూ చదువుతూ అడుగున ఆగిపోయారు.

"ఈ ఆఖరి వాక్యం ఆఫీసుకి అక్కర్లేదే?"

"ఆఫీసుకి కాదు నాన్నగారూ."

ఆయన చాలాసేపు కాగితం వైపు చూశారు. కులమూ, ఊరూ, బంధువులూ అన్నీ ఆలోచించే ఉంటారు. ఆ తర్వాత దాన్ని నర్సయ్య చేతికిచ్చారు. అతను పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

'సంతోషపడ్డాను. రోజూ పడుతూనే ఉన్నాను.'

నర్సయ్య కళ్ళు తుడుచుకుని కాగితం తిరిగి ఇవ్వబోయాడు. భీమేశ్వరరావుగారు తీసుకోలేదు.

"అది నీ దగ్గరే ఉండనీ బాబూ. అమ్మాయ్, ఫైలుకి ఇంకోటి రాయి, ఆ వాక్యం లేకుండా."