మోకాలి కింద చుక్కలు

మా స్కాన్ సెంటర్ విజయవాడలో ఒక పాత బిల్డింగు కింద, సెల్లార్‌లో ఉండేది. 2003 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, తిరుపతిరావుని స్కాన్ బల్ల మీద పడుకోబెట్టాను. ఆయనది హనుమాన్ జంక్షన్, లారీ డ్రైవరు. యాక్సిడెంట్‌లో విరిగిన కాలికి రాడ్డు వేశారు. ఏడాదైనా చీము ఆగలేదు. ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఇంకా ఉంటే కాలు మోకాలి కింద నుంచి తీసెయ్యాలన్నారట సర్జన్.

పొద్దున ఇంజెక్షన్ నేనే ఇచ్చాను. మామూలు యాంటీబయాటిక్ మందే, కాస్త రేడియోధార్మికత తగిలించి ఇస్తాం. సూక్ష్మజీవులు ఎక్కడుంటే అక్కడికి చేరి పట్టుకుంటుంది. కెమెరాలో అక్కడ చుక్కలు కనిపిస్తాయి.

"చచ్చిపోయిన వాటిని కూడా చూపిస్తుందా అమ్మా?" అడిగింది ఆయన భార్య రావమ్మ.

"లేదండీ. ప్రాణంతో ఉన్నవాటినే."

ఆమెను నా కుర్చీ పక్కన నిలబెట్టి కెమెరా ఆన్ చేశాను. ఏసీ చప్పుడు. డెట్టాల్ వాసనలో కలిసిపోయిన తడిగోడల వాసన. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఇన్‌ఫెక్షన్ అయితే అలుక్కుపోయినట్టు మచ్చలా కనిపిస్తుంది.

ఇది మచ్చలా లేదు.

పిక్క చుట్టూ నాలుగు సన్నటి గీతలు. ఇటువైపు నుంచి పొట్టిగా, లావుగా ఇంకొకటి.

"హఫ్సా గారూ..." బల్ల మీంచి తిరుపతిరావు గొంతు. "కాలు వదలమనండి."

"ఎవర్నండీ?"

తలెత్తి చూశాను. బల్ల దగ్గర ఎవరూ లేరు.

రావమ్మ తెర వంకే చూస్తోంది. "మాణిక్యం..." అంది గుసగుసగా. "మా లారీ క్లీనరు. ఆ యాక్సిడెంట్‌లోనే పోయాడు. ప్రాణం పోయినా ఈయన కాలు వదల్లేదమ్మా. వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీశారు."

తెర మీద ఒక గీత మెల్లగా నిటారుగా అయింది. తర్వాత ఇంకొకటి... ఇంకొకటి...

తిరుపతిరావు పెద్దగా ఊపిరి వదిలాడు. "వదిలాడు."

ఆయన కాలు తియ్యాల్సిన అవసరం రాలేదని తర్వాత తెలిసింది. రాడ్డు తీసే ఆపరేషన్‌లో చూస్తే ఎముక శుభ్రంగా ఉందట.

ఆ రోజు మాత్రం, వాళ్లిద్దరినీ పైకి పంపి ఒక్కదాన్నే మిగిలాను. మందు చుక్క ఏదైనా బల్ల మీద పడిందేమో, అందుకే ఆ గీతలేమో అనుకున్నాను. దుప్పటి మార్చాను. బల్ల తుడిచాను. ఖాళీ బల్ల మీద మళ్లీ కెమెరా పెట్టాను.

చుక్కలు పడ్డాయి. ఐదు గీతలూ చాచి ఉన్నాయి.

ఒకటి ముందుకి జరిగింది. దాని వెనకే మిగతావి... బల్ల అంచు దాకా. ఆ తర్వాత తెర ఖాళీ.

అంచుకి అవతల ఉన్నది నా కుర్చీ ఒక్కటే.