ఏడాది లోపు

లారీ మీదికొస్తోంది!

షారోన్ స్టీరింగ్ తిప్పేస్తుంది. కారు రోడ్డు దిగి టమాటా తోట కంచెను గుద్ది ఆగుతుంది.

"బిడ్డా... గా లారీవోడు మనల్నే సంపజూసిండా?" వెనక సీట్లో ఎలీషా.

"అవును తాతా. దిగు... ఉరుకు!"

మొయినాబాద్ పోలీస్ స్టేషన్ ఇంకా దూరం. తను పనిచేసే ఫండ్ కంపెనీ యజమాని ముకుందానికి ఫోన్ చేసి, లొకేషన్ పంపింది. ఆయన రావాలి!

ముడిమ్యాలలో భూమి అమ్మిన ఎలీషా సొమ్మును ఫండ్‌లో పెట్టించినవాడు షారోన్ బాస్ సుధాకర్. అతని జీతం కొద్దిది. బోనస్ కొండంత. ఏడాది లోపు ఖాతాదారు ఒక్క రూపాయి వెనక్కి తీసినా ఆ బోనస్ మొత్తం కక్కాలి.

ఖాతాదారు చనిపోతే... కక్కనక్కర్లేదు!

సుధాకర్ ఫోన్లో లారీవాడితో బేరమాడటం విన్న వెంటనే షారోన్ ఎలీషాను కారెక్కించి స్టేషన్‌కు బయల్దేరింది.

"ఆ పైసలు జర ఆగి తీస్కోరాదు తాతా?" ఉరుకుతూనే అడుగుతుంది షారోన్.

"ఎట్ల ఆగుత? ఆదివారం చర్చిల కోతపండుగ. పదో వంతు దేవునిది. దేవునికే ఉద్దెర పెట్టుమంటవా?"

అన్నీ లెక్కగట్టిన సుధాకర్‌కు ఈ పదో వంతు తట్టలేదు.

టార్చి వెలుగు!

"షారోన్! ముసలాయన్ని వదిలెయ్. నీకూ వాటా ఇస్తా."

సుధాకర్. చేతిలో ఇనుపరాడ్డు.

"థూ! గీ పైసలతోని అన్నమెట్ల దిగుతది సార్?"

"మోకిలలో విల్లా కొన్నా. కిస్తీలు నువ్వు కడతావా?"

రాడ్డు లేస్తుంది...

ఢాం!

సుధాకర్ కూలిపోతాడు.

గట్టు మీద ముకుందం. చేతిలో తుపాకీ.

"దేవుడే పంపిండు సేటూ!" ఎలీషా చేతులు జోడిస్తాడు.

ముకుందం దిగొచ్చి, వంగి సుధాకర్ నాడి చూస్తాడు. పెదవుల మీద చిన్న నవ్వు.

"వీని మూడేండ్ల బోనస్‌ల సగం మాతాన్నే ఆపినం. బతికుంటే మార్చిల ఇయ్యాలె. సచ్చినోనికి ఇచ్చేది లేదు."

షారోన్ తాతను వెనక్కి లాగుతుంది. ఇద్దరూ ఒకే కుండలోని కుళ్లు!

"మిమ్మల్ని కాపాడనీకి కాల్చిన అని చెప్పు బిడ్డా. రేపటి సంది సుధాకర్ కుర్చీ నీదే. తెచ్చిన సొమ్ముల వాటా గుడ."

"ఇప్పుడు మీరన్న మాట... అది గుడ చెప్త సార్."

ముకుందం నిట్టూరుస్తాడు. తుపాకీ ఎలీషా వైపు తిరుగుతుంది.

"ఇప్పుడు?"

షారోన్ తాతకు అడ్డంగా నిలబడుతుంది.

"ఇప్పుడు గుడ గదే!"

ముకుందం ట్రిగ్గర్ నొక్కుతాడు.

ఢాం!