మోచేతి ఎత్తు

ఆ ఆదివారం పొద్దున కూడా మేస్త్రీ భార్య పెరట్లోకి వెళ్లలేదు. కాఫీ కలిపింది, గ్లాసు ఆయన ముందు పెట్టింది, పెరటివైపు కిటికీ రెక్క మూసేసింది. కిటికీ అవతల గోడ నుంచి గోడ దాకా బూడిదరంగు టైల్స్. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. వాన నీళ్లు మూలనున్న జాలీలోకి తమంతట తామే జారిపోయేటంత సన్నని వాలు. నలభై ఏళ్లు ఊరందరి ఇళ్లకీ పనిచేసిన మనిషి సొంత ఇంటికి చేసుకున్న పని అదొక్కటే.

ఆరు నెలల కింద ఆమెకి మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఇక కింద కూర్చోకూడదు, వంగకూడదు, తడి మట్టిలో జారితే మళ్లీ బల్లెక్కాల్సిందే అన్నాడు డాక్టరు. ఆమె ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజుల్లోనే, రాత్రుళ్లు మంచం పక్కన ఉంటూ పగళ్లు ఇంటికొస్తూ, మేస్త్రీ ఆమె పెంచుకున్న గులాబీలు పీకేశాడు, నిమ్మచెట్టు కొట్టేశాడు, కంకర పరిచి టైల్స్ వేశాడు. ఇంటికొచ్చిన రోజు ఆమె చేతికర్ర మీద ఆనుకుని చాలాసేపు చూసింది. "శుభ్రంగా ఉంది" అంది. తర్వాత అవసరానికి తప్ప మాట లేదు. కొన్నాళ్లకి మేస్త్రీకి కూడా ఏమీ అనిపించడం మానేసింది. ముందరి పళ్లు పీకించుకున్నప్పుడు మత్తిచ్చినట్టు. నాలుక ఉందని తెలుస్తుంది, రుచి తెలియదు.

ఈరోజు ఆమె కూతురింటికి వెళ్లిపోతోంది. "కొన్నాళ్లు" అన్నారు తల్లీకూతుళ్లు. ఎన్నాళ్లని ఆయన అడగలేదు.

కూతురు వస్తూనే తల్లి సంచి కారు డిక్కీలో పెట్టింది.

"నాన్నా, చొక్కా మార్చుకో. పోతూపోతూ తోటలు చూద్దాం. ఏడాదికి ఈ ఒక్కరోజే ఇళ్లవాళ్లు గేట్లు తీసి అందర్నీ రానిస్తారు. ముగ్గురి పేర్లూ రాయించాను."

"మొక్కల గురించి నాకేం తెలుసే?"

"తెలీదనే రమ్మంటున్నా."

మొదటిది రిటైరైన జడ్జిగారిల్లు. తెల్లటి గులకరాళ్లు, పెట్టెల్లా కత్తిరించిన పొదలు, "అడుగు పెట్టరాదు" అని బోర్డు. ఆకు కూడా అనుమతి తీసుకుని రాలుతున్నట్టుంది. మేస్త్రీ గట్టు అంచు మీద వేలు రాసి చూశాడు.

"నాన్నా, చూడాల్సింది మొక్కల్ని."

"చూస్తున్నాలే."

రెండోది పెళ్లి చేసుకోని ఇద్దరు టీచరమ్మలది. నేలే లేదు, మెట్లే తోట. పగిలిన కూజాలు, చిల్లుపడ్డ బకెట్లు, పాత బూట్లు, అన్నిట్లోనూ ఏదో ఒకటి పూసింది. "మా ఇంట్లో పాతబడిందేదీ పారెయ్యమండీ, మట్టి పోసి మొక్క పెట్టేస్తాం. ఇక మిగిలింది మా చెల్లే" అంది పెద్దామె.

"ముందు నువ్వు, పెద్దదానివి" అంది చెల్లెలు.

మేస్త్రీ భార్య నవ్వింది. ఆ నవ్వు విని ఆరు నెలలైందని ఆయనకి గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంతే, లోపల ఏమీ కదల్లేదు.

మూడోది ఇంకో డాక్టరుగారిది. తామరలున్న చిన్న కొలను. నీళ్లు గోడవైపు ఒరుగుతున్నాయని, ఇంకో రెండేళ్లలో గోడకి చెమ్మ పడుతుందని మేస్త్రీ లెక్క కడుతుండగా డాక్టరుగారి భార్య ఆయన భార్యని పలకరించింది. "మీ తోట ఎలాంటిదమ్మా?"

"మాదాండీ? మా అంత తేలిక తోట ఎక్కడా ఉండదు. రోజూ చీపురు పడితే చాలు."

కారు దగ్గరికి వచ్చేదాకా మేస్త్రీ ఆగాడు.

"నలుగురిలో నా పరువు తియ్యాలా?"

"లేనిదేమైనా చెప్పానా?"

"నువ్వు పడతావని వేశాను. నీ కోసమే కదా వేసింది!"

"నా కోసమే." ఆమె కారు తలుపు పట్టుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. "ఎవరింట్లో వంటగట్టు కట్టినా ముందు ఆ ఇల్లాలిని నిలబెట్టి, మోచేతి దాకా దారం పట్టి ముడి వేస్తారే. ముక్కూమొహం తెలియని వాళ్లని రెండేసిసార్లు అడుగుతారే, అమ్మా ఎత్తు చాలా అని. నా మంచం పక్కన పన్నెండు రాత్రులున్నారు. ఒక్కసారి నోరు తెరిచారా?"

"ఇంకొక్క ఇల్లే ఉంది, పదండి" అంది కూతురు, కారు తాళం వంక చూస్తూ.

నాలుగో ఇల్లు చక్రాల కుర్చీలో తిరిగే టైలరమ్మది. ఇరుకు పెరడు. గోడల వెంట ఇటుకలతో కట్టిన పొడుగాటి తొట్లు, నిండా మట్టి. ఆమె కుర్చీ జరుపుకుంటూ కలుపు తీస్తోంది. ఇటుక వరసలు పాములా మెలికలు తిరిగాయి.

"ఎవరు కట్టారమ్మా?"

"మా తమ్ముడండీ. కరెంటు పని చేస్తాడు, తాపీ పట్టడం రాదు. వంకరగా ఉంది కదూ?"

"వంకరే. ఎత్తు మాత్రం సరిపోయింది."

ఆ మాట అంటూ పక్కకి చూశాడు. ఇంకాస్త ఎత్తున్న చివరి తొట్టి దగ్గర భార్య నిలబడి ఉంది. వంగలేదు. చేతికర్ర గోడకి ఆనించి, రెండు చేతులూ మణికట్ల దాకా మట్టిలో పెట్టి, కళ్లు మూసుకుంది. ఆమె మోచేతులు తొట్టి అంచుకి సరిగ్గా ఆని ఉన్నాయి. మత్తు దిగేటప్పుడు మొదట తెలిసేది నొప్పే. మేస్త్రీకి అదే తెలిసింది.

ఇంటికొచ్చాక కూతురు కారు ఇంజను ఆపలేదు. "నాన్నని దింపేసి బయల్దేరదామమ్మా."

మేస్త్రీ దిగి పెరట్లోకి వెళ్లాడు. కాసేపటికి ఉలి మీద సుత్తి పడ్డ చప్పుడు. తల్లీకూతుళ్లు వచ్చేసరికి పెరడు నడిమధ్య టైల్ ఒకటి ముక్కలై ఉంది. ఆయన కంకర తవ్వి పక్కన పోస్తున్నాడు. లేచి చేతులు దులుపుకున్నాడు, వంటింట్లోంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"కూర్చో."

"ఎందుకు?"

"మోచెయ్యి ఇలా పెట్టు." జేబులోంచి దారం ఉండ తీశాడు. "అడుగుతున్నా. కూర్చుని చేసుకునేటట్టు కట్టనా, నిలబడి చేసుకునేటట్టా?"

ఆమె కుర్చీలో కూర్చుని గోతి వంక చూసింది.

"నిమ్మచెట్టు కొట్టినప్పుడు కాయలున్నాయా?"

"ఉన్నాయి. పూత కూడా ఉంది." అబద్ధం చెప్పలేకపోయాడు. తల తిప్పుకుని మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె చెయ్యి చాపింది. ఆయన గోతిలోంచి గుప్పెడు మట్టి తీసి ఆ చేతిలో పోశాడు. నలిపి, వాసన చూసింది. "చచ్చిపోయింది ఇది."

"మళ్లీ లేస్తుందా?"

"ఎరువు వెయ్యాలి, నీళ్లు పెట్టాలి, తిరగెయ్యాలి. ఏడాది పడుతుంది."

ఆయన దారం పట్టి నేల నుంచి ఆమె మోచేతి దాకా కొలిచాడు, ముడి వేశాడు.

"రెండు వేళ్లు కిందికి" అందామె. "ఇది కూర్చోడానికి. నిలబడడానికి ఆ గోడ పక్కన ఇంకోటి."

ముడి విప్పి, రెండు వేళ్లు కిందికి జరిపి మళ్లీ వేశాడు.

"పండూ" అని కూతుర్ని పిలిచింది. "డిక్కీలోంచి నా సంచి తెచ్చెయ్యి. కత్తెర అందులోనే ఉంది."

"మొక్కలు కత్తిరించేదా? కత్తిరించడానికి ఇక్కడేముందమ్మా?"

"దారం తెంపాలి. మీ నాన్నకి పళ్లెక్కడున్నాయి?"