తలుపు వైపు ఒరిగిన తల్లి

"పుండు ఇంత అయ్యేదాకా ఏం చేస్తున్నావక్కా? అమ్మని చూసుకోవడమంటే ఇదేనా!"

వార్డులోకి వచ్చిన చెల్లెలు చేతిలో సంచీ అయినా దించకుండా అన్న మొదటి మాటలివి. అప్పుడే నర్సు అమ్మ కుడి తుంటి మీద కట్టు విప్పింది. అరచేయంత పుండు! అంచులు నల్లబడి, లోపల ఎంతో లోతుగా... కిటికీ వైపు నిలబడి అమ్మను తన మీదికి ఒత్తిగిలించి పట్టుకున్న పెద్దకూతురు అమ్మ భుజాన్ని ఇంకాస్త దగ్గరికి అదుముకుంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదేనేమో! దూరాన ఉన్నవాళ్ళకి నోరు, దగ్గరున్నవాళ్ళకి చాకిరీ... ఏ ఇంట్లోనైనా అంతే కదా!

"ఆవిడ్ని అనకండమ్మా," అంది నర్సు పుండు కడుగుతూనే. "గాలిపరుపు వేశాం. రెండు గంటలకోసారి పక్క మారుస్తూనే ఉన్నాం. మీ అమ్మగారే వినరు. మేం అటు తిరిగామో లేదో, దిండ్లు తోసేసి మళ్ళీ కుడిపక్కకే ఒరిగిపోతారు. బరువంతా ఆ తుంటి మీదే!"

"కుడిపక్కకే ఎందుకు?"

"అటు తలుపుంది కదే..." అంది అక్క, తలెత్తకుండా.

"తలుపేంటక్కా?"

"ఎంత బతిమాలినా ముద్ద మింగేది కాదు. ఓరోజు 'చిట్టి వస్తోందమ్మా, తిను' అన్నాను. గబగబా తినేసింది! ఇక రోజూ అదే చెప్పాను... నువ్వేమో ఫోన్లో ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ ఉండిపోయావు. అమ్మ ఆ తలుపు మీంచి చూపు తిప్పలేదు. తినిపించాననే అనుకున్నానే చిట్టీ... ఈ పుండు నేనే తెచ్చిపెట్టాను!"

చెల్లెలి చేతిలోంచి సంచీ జారిపోయింది. "కాదక్కా... నేను! నేను!" అంటూ మంచం మీదుగా అక్క చెయ్యి పట్టుకుని భోరుమంది. తర్వాత మంచం చుట్టూ తిరిగి కిటికీ పక్కకు వచ్చి, అమ్మ ముఖానికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. అక్క ఆమెకు చోటిచ్చి, తలుపు వైపు వచ్చి అమ్మ వీపు వెనక దిండు ఆనించి పట్టుకుంది. అంతవరకూ మెడ తిప్పి తలుపుకేసి చూస్తున్న అమ్మ, చిట్టిని చూసి తల దిండు మీద వాల్చేసింది. ఆ రోజు దిండ్లు తోయలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చి చూశాడు. పుండు ఎముకను తాకిందనీ, మానడానికి ఒంట్లో శక్తి లేదనీ, ఇక నొప్పి తెలియకుండా చూడడమే మిగిలిందనీ మెల్లగా చెప్పాడు. ఒక్క ఆదివారం ముందు వచ్చి ఉంటే! ఆ మాట ఇద్దరి మనసులోనూ ఉంది.

"అక్కా, నువ్విటు రా. అమ్మ నీ ముఖం చూస్తుంది."

"వద్దులే. నేను కదిలితే వీపు వెనక దిండు జారుతుంది."

మాట్లాడే ఓపిక లేని అమ్మ చిట్టిని చూస్తూనే చెయ్యి వెనక్కి చాచింది. తడుముకుంటూ పెద్దకూతురి వేళ్ళు అందుకుని గట్టిగా పట్టుకుంది. తల మాత్రం తిప్పలేదు. వెనక ఎవరున్నారో చూసుకోవాల్సిన అవసరం ఆమెకు ఏనాడూ రాలేదు!