చక్కెర లేని టీ

ఆదివారం పూజ ముగించుకుని ఇంటికొచ్చిన నూలా, కోటు విప్పకుండానే కెటిల్ పొయ్యిమీద పెట్టింది. తర్వాత కొడుకు ఫింటన్ జెర్సీ లోపల మరియమాత పతకం కుట్టడానికి కూర్చుంది. గోడమీద యేసు తిరుహృదయం పటం, దాని పక్కనే కర్రాబంతి ఆట హర్లింగ్‌లో ఫింటన్ గెలిచిన పతకాలు. పదకొండు. వాటిని చెల్లెలు డెర్వ్లా ఎన్నిసార్లు లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు.

డెర్వ్లాకు పదహారేళ్లు. ఆడపిల్లలు హర్లింగ్ కర్రతో ఆడే కామోగీలో ఈ రోజు ఆమెకు కౌంటీ ఫైనల్.

"ఇవాళైనా నా ఆటకొస్తావా అమ్మా?"

"నాన్న తీసుకెళ్తాడుగా. నేను ఫింటన్ మ్యాచ్‌కి వెళ్లాలి."

"ఎప్పుడూ వాడి మ్యాచే."

ఫింటన్ బూటు తాడు ముడేస్తూ నవ్వాడు. "ఏడవకే. పతకం తెచ్చావంటే నా వాటి పక్కన నీకూ ఓ మేకు కొడతాలే. చిన్న మేకు."

నూలా టీలో చక్కెర మానేసి రెండేళ్లయింది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మానేసినవి పండగ రోజున ఊరంతా మళ్లీ మొదలుపెడితే, ఆమె మాత్రం పెట్టలేదు. మొక్కు ఎవరికోసమో పైకి చెప్పకూడదు, ఇంకొకరు అడగకూడదు. ఫింటన్ మోకాలికి ఆపరేషన్ అయింది ఆ రోజుల్లోనే. ఇక అడగడానికేముంది? తల్లి ఆ చేదు టీ గుటకవేసిన ప్రతిసారీ డెర్వ్లా చూపు ఆ పదకొండు పతకాలమీదికే పోయేది.

నూలా దారం కొరకడానికి తల వంచింది. డెర్వ్లా మూడు చెంచాల చక్కెర ఆమె కప్పులో వేసి, చప్పుడు కాకుండా కలిపింది.

నూలా టీ తాగింది. క్షణంపాటు ఆ ముఖం చిన్నపిల్ల ముఖంలా విచ్చుకుంది. మరుక్షణం పాలిపోయింది.

"ఎవరు వేశారు?"

"నేనే. వాడి మోకాలు బాగైందిగా, ఇంకా ఎందుకు?"

"మోకాలా?" నూలా కప్పు కింద పెట్టింది. "మీ నాన్న తాగి నడిపి, నిన్ను కారుతో సహా కాలవలో పడేశాడే, ఆ రాత్రి మొక్కుకున్నా. ఆయన ఇక మందు ముట్టకూడదని."

డెర్వ్లా చెంచా బల్లమీద పెట్టింది.

"మరి... నా ఆటలకి ఎందుకు రావు?"

"నేనొస్తే తాళాలు నా చేతిలో పెట్టి పబ్బులో దూరతాడు. నువ్వొక్కదానివే కార్లో ఉంటే తనే నడపాలని తాగడు. రెండేళ్లుగా చూస్తున్నా." నూలా కళ్లు తుడుచుకుంది. "చక్కెర ఒక్కటే వదులుకున్నాననుకున్నావా?"

ప్రతి మ్యాచ్ దగ్గరా తండ్రి నారింజ సోడా సీసా పట్టుకుని నిలబడేవాడు. సీసా వణుకుతుంటే స్నేహితురాళ్లు చూస్తారేమోనని డెర్వ్లా సిగ్గుతో తల తిప్పుకునేది. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

తలుపు దగ్గర అలికిడైంది. తండ్రి మాలకీ తాళాలతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో.

"నూలా," అన్నాడు నేలకేసి చూస్తూ, "నువ్వు కూడా ఎక్కు. తాళాలు నా దగ్గరే ఉంటాయి."

"మరి ఫింటన్‌కి..."

"నేను బెంచీమీద కూర్చోవడం చూడ్డానికి నువ్వెందుకమ్మా?" ఫింటన్ తల ఎత్తలేదు. "మోకాలు బాగవలేదు. మూడు నెలలుగా నన్ను మైదానంలోకి దింపడం లేదని నీకు తెలుసుగా."

జెర్సీ లోపల కుట్టిన పతకాన్ని ఊడదీసి, అతనే చెల్లెలి చేతిలో పెట్టాడు. అది తీసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. తీసుకోకుండా ఉండటానికీ ఒప్పలేదు.

డెర్వ్లా తల్లి కప్పు ఎత్తి, చల్లారిన ఆ తీపి టీని చివరి చుక్కదాకా తనే తాగేసింది.