కొంగ తెలుపు

“ఇయ్యాల ఆకాశం మరీ పసుపునీళ్ళలాగుంది” అన్నాడు మణికంఠ, గెడతో దోనెను గట్టునుంచి నెడుతూ.

జశ్విత తలెత్తి చూసింది. ఆవిడకు ఆకాశం నీలంగానే ఉంది. కొల్లేటి నీళ్ళూ, కిక్కిస పొదలూ, దూరాన తుమ్మచెట్ల మీద కొంగలూ అన్నీ ఉండవలసిన రంగుల్లోనే ఉన్నాయి. ఉండవా మరి! ఆవిడ కళ్ళకు సరిచూపు ఉంది. మొగుడి కళ్ళకు లేదు.

ముప్పై ఏళ్ళ క్రితం ఎండలు మనుషులను మాడ్చేస్తుంటే, పెద్ద దేశాలన్నీ కూడబలుక్కుని ఆకాశం నిండా సన్నని పొడి చల్లించాయి. దానికి నింగిపూత అని పేరు పెట్టారు. వేడి తగ్గిన మాట నిజమే. వెలుగు మాత్రం చెడిపోయింది. పాలు, మల్లెలు, ఉతికి ఆరేసిన పంచెలు అన్నీ పాత కాగితం రంగుకు తిరిగాయి. పెళ్ళిచూపుల్లో పిల్ల ఛాయ తెలియడం లేదని కొందరు గోల పెట్టారు, కూరగాయలు వాడినట్టున్నాయని ఇంకొందరు. చూస్తూ చూస్తూ జనానికి దిగులు జబ్బు పట్టుకుంది. అప్పుడు వచ్చింది సరిచూపు. కంటి మీద అతికే పల్చని పొర అది. ఎదుట ఉన్నదేమిటో గుర్తుపట్టి, మంచి వెలుగులో అది ఏ రంగులో ఉండాలో ఆ రంగులో చూపిస్తుంది. నెలకోసారి పొర మార్చేది కూడా సరిచూపు కేంద్రంలోని చీకటి గదిలోనే. కనుక ఇరవై ఏళ్ళుగా వట్టి కళ్ళతో పగటిని చూసినవాళ్ళు లంక గ్రామాల్లో లేరనే చెప్పాలి, మణికంఠ తప్ప. అతని కళ్ళలో శుక్లాలు, పొర నిలవదు. ఆపరేషన్ చేయించుకోమంటే కత్తి పేరు వినగానే గుడ్లు తేలేస్తాడు.

ఆ సరిచూపుకు తెలుపంటే ఏమిటో నేర్పింది జశ్వితే.

పాతికేళ్ళ వయసులో కెమెరా మెడకు తగిలించుకుని ఏలూరు నుంచి కొల్లేరు వచ్చింది. తెల్లపక్షిని ఫొటో తీయడం చూసినంత తేలిక కాదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకు లోకమంతా బూడిదరంగులో ఉంటేనే తృప్తి. ఫ్రేము నిండా తెల్లకొంగ కనిపిస్తే, అబ్బో వెలుగెక్కువైందని బెదిరి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, కొంగ మసిగుడ్డలా వస్తుంది. అప్పుడు మనం చేత్తో వెలుగు ఒక మెట్టు పెంచాలి. అదే కొంగ మంచి ఎండలో నల్లని పొదల ముందు నిలబడితే మీటరు పొదల చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నపుముద్దలా వస్తుంది. అప్పుడు మెట్టున్నర తగ్గించాలి. “రెక్కమీద ఈకకు ఈక విడిగా కనపడాలి, అదే కొలత” అని శిష్యులకు చెప్పేది. ఇంకో మాట కూడా చెప్పేది: “కొంగ మాసిపోయి కనపడితే తప్పు కొంగది కాదు, వెలుగుది.”

సరిచూపు తయారుచేసినవాళ్ళు ఆవిడ తీసిన నలభై వేల కొంగల ఫొటోలూ, ఒక్కొక్కదానికీ ఆవిడ రాసిపెట్టుకున్న దిద్దుబాట్లూ అడిగి తీసుకున్నారు. ఎంత చెడ్డ వెలుగులోనైనా తెలుపును పట్టుకోవడం యంత్రం వాటినుంచే నేర్చుకుంది. కొంగల గురించి ఆవిడ చెప్పిన మాటను లోకంలోని తెల్లని వస్తువులన్నిటికీ సూత్రం చేసుకుంది. ఆ సంగతి చెప్పుకుని ఆవిడ గర్వపడేది కూడా. ఎందుకు పడకూడదు?

ఇప్పుడు సరిచూపుకు ఇరవయ్యో ఏటి పండుగ. పాత పద్ధతిలో చేత్తో తీసిన కొంగ ఫొటో ఒకటి కావాలని కబురొచ్చింది. తేమ తగలకుండా బియ్యం డబ్బాలో దాచిన కెమెరాను జశ్విత బయటికి తీసి, దానికి కొత్త బ్యాటరీ వేయించింది.

పది గెడలు వేశాడో లేదో మణికంఠ ఆగిపోయాడు. గెడ మీద వాలి ఊపిరి పీల్చుకున్నాడు.

“అప్పుడే ఆయాసమా?”

“వయసు మేడంగారూ, వయసు.”

ఆవిడ మొదటిసారి ఎక్కిన దోనె అతనిదే. పెళ్ళయి ముప్పై రెండేళ్ళయినా ఆ పిలుపు మానలేదు. ఒకప్పుడు రోజంతా గెడ వేసి సాయంత్రం చేపలపులుసుతో రెండు పళ్ళేల అన్నం లాగించిన మనిషి, ఆరునెలలుగా నాలుగు ముద్దలు తిని లేచిపోతున్నాడు. ఒళ్ళంతా దురదంటాడు. రెండుసార్లు ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు నాలుక చూశాడు, రెప్పలు లాగి కళ్ళు చూశాడు. అంతా బాగానే ఉంది, వయసు మీద పడుతోందని బలానికి మందు రాసిచ్చాడు.

దోనె కిక్కిస పొద దగ్గరికి చేరింది. పాతిన కర్ర మీద ఒక తెల్లకొంగ వాలి ఉంది.

“ఏడాదిగా సెబుతున్నాను. కొంగలు పసుప్పచ్చగా అవుతున్నాయే” అన్నాడు మణికంఠ మెల్లగా.

“కామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనపడుతుందిట. నీకు కామెర్లు కాదు, శుక్లాలు. అవి చూపును పసుపు చేస్తాయని ఎన్నిసార్లు చెప్పాను? వచ్చే నెల కోయించేస్తాను, ఉండు.”

అతను నవ్వి, దోనె కదలకుండా గెడ ఆనించాడు.

వెనక నల్లని పొద, కొంగ మీద ఏటవాలు ఎండ. జశ్విత వేళ్ళకు పాత విద్య గుర్తొచ్చింది. మెట్టున్నర తగ్గించింది. ఫొటో తీసేముందు ఇంకో పని ఉంది. సంచిలోంచి అరచేయంత తెల్లట్ట తీసి, కొంగ మీద పడే ఎండే దానిమీదా పడేట్టు పట్టుకుని ఫొటో తీసింది. వెలుగు ఎంత చెడినా ఆ అట్ట ఏ రంగులో వచ్చిందో చూసుకుంటే ఆ వెలుగు సంగతి తెలిసిపోతుంది. అట్ట కొలతతో కెమెరాను సరిచేసి, అట్టను ఇంకోసారి తీసి, అప్పుడు కొంగను తీసింది.

కెమెరా తెరమీద కొంగ మల్లెపూవులా ఉంది. అదీ సరిచూపు దయే, తెరను చూసేదీ ఆ కళ్ళతోనే కదా. పాత అలవాటు కొద్దీ కింద ఉన్న గ్రాఫు చూసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గుట్టలు. తెల్లనిదైతే మూడూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అట్ట ఫొటోలో కూర్చున్నాయి. కొంగ ఫొటోలో నీలం గుట్ట చాలా వెనక పడిపోయింది.

పొరపాటనుకుంది. మళ్ళీ అట్ట, మళ్ళీ కొంగ. ఇంకో కొంగను తీసింది. నాలుగో కొంగకూ నీలం వెనకే ఉంది. గ్రాఫుకు రంగులు దిద్దడం సరిచూపుకు ఎవరూ నేర్పలేదు. గుట్ట ఎక్కడుంటే అక్కడే కనిపిస్తుంది. నీలం తక్కువైన తెలుపంటే పసుపు.

ఆవిడ దోనెలో కూర్చుని, వేలితో గీకి రెండు పొరలూ తీసేసింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి. తుడుచుకుని చూసింది. లోకమంతా పసుపునీళ్ళలో తడిసినట్టుంది. అయినా ఒళ్ళోని అట్ట ఆ వెలుగులోనూ తెల్లగానే తెలుస్తోంది. కర్రమీది కొంగ మాత్రం వేపుడు నూనెలో ముంచి తీసిన గుడ్డలా ఉంది. రెక్కల్లో ఈకలు ఊడి ఖాళీలున్నాయి. చెట్ల మీద వందలకొద్దీ అలాంటివే. ప్రతి ఏడూ పక్షుల లెక్కలో ‘ఆరోగ్యం బాగు’ అని సంతకం పెట్టింది ఆవిడే.

“ఏమైందే?” అన్నాడు మణికంఠ, దగ్గరగా వంగి.

ఆవిడ అతని ముఖం చూసింది. ఇరవై ఏళ్ళ తరవాత వట్టి కళ్ళతో చూసింది. తెల్లట్ట ఎత్తి అతని చెంప పక్కన పెట్టింది. అట్ట తెలుపు. అతని కళ్ళలోని తెల్లగుడ్డు పచ్చి పసుపుకొమ్ము విరిచినట్టుంది.

“దోనె వెనక్కి తిప్పు” అంది.

ఏలూరులో డాక్టరు చేత బతిమాలి పొరలు తీయించింది. ఆయన మణికంఠ కళ్ళు చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. పరీక్షలయ్యాక బయటికి పిలిచి చెప్పాడు. లివరు పూర్తిగా పోయింది. నింగిపూత పొడి వానలతో దిగి నీళ్ళలో, చేపల్లో పేరుకుందని ఆయన అనుమానం. కొంగలు తినే చేపే మణికంఠా తింటాడు. జశ్విత చేప ముట్టదు. “మొదటిసారి వచ్చినప్పుడు తెలిసుంటే మందులతో ఆగేదమ్మా” అన్నాడు. “నేను చూశాను. కళ్ళు తెల్లగానే ఉన్నాయి.”

“ఇప్పుడు?”

“నెల. మహా అయితే రెండు.”

వరండాలో వరసగా లంక గ్రామాలవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరికీ దురద, అందరికీ నీరసం. జశ్విత ఒక్కొక్కరి కళ్ళూ చూసుకుంటూ నడిచింది. సగం దూరం వెళ్ళాక చూడడం మానేసింది.

ఆ సాయంత్రమే కొంగ ఫొటోను సరిచూపు అధికారికి పంపి ఫోన్ చేసింది. చూశారా అని అడిగింది.

“చూస్తున్నానమ్మా! అద్భుతం. మల్లెపూవులా ఉంది. మీ చెయ్యి మీ చెయ్యే.”

“అది పసుపు బాబూ. పొరలు తీసి చూడండి.”

“వెలుగు తప్పుంటుంది లెండి, సరిచూపు దిద్దేసింది. మీ సూత్రమే కదా” అని ఆయన ఆప్యాయంగా నవ్వాడు. ఫొటో పండుగ వేదిక మీద పెడతామన్నాడు. పక్క జిల్లా అధికారీ అదే మాట అన్నాడు. గ్రాఫు చూడమంటే, దాన్ని చదవడం ఇప్పుడెవరికి వచ్చు అన్నాడు.

ఫోన్ పెట్టేసి లోపలికొచ్చేసరికి మణికంఠ మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది. రోజూ ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టింది, రోజూ ఈ ముఖమే చూసింది. ఆ కళ్ళను తెల్లగా దిద్ది ఆవిడకు చూపించింది తన నలభై వేల ఫొటోలే.

“నాకైతే కనపడలేదు” అంది. “నీకు పొరలు లేవుగా. అద్దంలో ఒక్కసారైనా చూసుకోలేదా?”

“గెడ్డం గీసుకున్నప్పుడల్లా సూత్తానే ఉన్నాను. కళ్ళు పసుప్పచ్చగానే కనపడేయి.”

“మరి చెప్పలేదేం?”

“శుక్లాలేలే అనుకున్నాను” అన్నాడు మణికంఠ, ఆవిడ చెయ్యి వెతికి పట్టుకుంటూ. “నువ్వే కదా సెప్పావు మేడంగారూ. రంగుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?”